పోచంపల్లి జీఐ ఉండగా మన డిజైన్‌ను ప్రింటు కొట్టి అమ్మితే ఏం చేయొచ్చు?

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. (జీఐ అంటే భౌగోళిక గుర్తింపు, ఒక ప్రాంతపు సరుకు పేరుకు చట్టం ఇచ్చే రక్షణ.) మీది నల్గొండ జిల్లా గట్టుప్పల్. మీ నాయన రెండేళ్ల కింద గ్రాఫ్ కాగితం మీద గీసిన డబుల్ ఇకత్ (పడుగు, పేక రెండు నూళ్లకూ ముందే రంగులద్ది నేసే పద్ధతి) డిజైన్‌తో ఇప్పటికి ఎనభై దాకా చీరెలు నేశారు. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఇప్పుడు అదే డిజైన్ పాలిస్టర్ మీద ప్రింటై 'పోచంపల్లి ఇకత్ శారీ' పేరుతో ఆన్‌లైన్‌లో ఏడొందలకు అమ్ముడవుతోంది. జీఐ ఉంది కదా, కేసు వేయొచ్చా అన్నది మొదటి ప్రశ్న. తయారుగా ఉన్న కొత్త డిజైన్‌ను కాపాడుకోవడం ఎట్లా అన్నది రెండోది. వీటన్నిటికీ జీఐ రిజిస్ట్రీ ఉన్న చెన్నై, డిజైన్ల కార్యాలయం ఉన్న కోల్‌కతా తిరగాలా అన్నది మూడోది.

ముందు సూటిగా జవాబు. జీఐ కాపాడేది పేరును, డిజైన్‌ను కాదు. వాళ్లు 'పోచంపల్లి' అన్న పేరు వాడారు కాబట్టి ఆ పేరు మీద మీరు కచ్చితంగా కదలొచ్చు. అయితే మీరు ముందుగా అధీకృత వినియోగదారుగా, అంటే ఆ జీఐ పేరు వాడుకునే హక్కున్న నేతగాడిగా నమోదై ఉండాలి. దాని దరఖాస్తు ఫీజు పది రూపాయలు. పాత డిజైన్ మీద మాత్రం మీకు ఇప్పుడు గట్టి హక్కు మిగల్లేదు. దానికి కారణం కింద చెప్తాను. కొత్త డిజైన్‌ను ఎవరికీ చూపకముందే డిజైన్ల చట్టం కింద దరఖాస్తు చేయండి. సొంత పేరున చేసేవారికి ఆ ఫీజు వెయ్యి రూపాయలు. ఈ వరుస తప్పితే తర్వాత ఎంత పెద్ద లాయరును పెట్టినా లాభం తక్కువ.

ఇప్పుడు ఒక్కొక్కటీ విడమర్చి చెప్తాను.

పేరు సంగతి

పోచంపల్లి ఇకత్‌కు 2004-05లోనే జీఐ వచ్చింది. దేశంలో మొదటి వరుసలో నమోదైన వాటిలో అదొకటి. తర్వాత గద్వాల చీరెలకు, నారాయణపేట చేనేత చీరెలకు, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు, 2022 డిసెంబరులో తాండూరు కందికి వచ్చాయి. మన దక్షిణ తెలంగాణలో ఇన్ని జీఐలున్నా, వాటి కింద అధీకృత వినియోగదారులుగా పేరు రాయించుకున్న నేతగాళ్లు తక్కువే. 'మా ఊరికి జీఐ ఉంది కాబట్టి నాకూ ఉంది' అనుకుని అక్కడే ఆగిపోతారు. చట్టం అట్లా చూడదు. జీఐ ఒక సంఘం పేరున రిజిస్టరవుతుంది, ఆ సంఘం రిజిస్టర్డ్ యజమాని. ఆ ప్రాంతంలో నిజంగా నేసేవాళ్లు 1999 నాటి జీఐ చట్టం సెక్షన్ 17 కింద విడిగా దరఖాస్తు చేసుకుని అధీకృత వినియోగదారులు కావాలి. ఆ పేరును వాడుకునే ప్రత్యేక హక్కు సెక్షన్ 21 కింద దక్కేది వీళ్లకే. పేరు దుర్వినియోగమైతే కోర్టులో పరిహారం అడిగే హక్కు రిజిస్టర్డ్ యజమానితోపాటు వీళ్లకూ ఉంటుంది.

ఇది కాగితం మీది మాటే అనుకోవద్దు. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ కొల్హాపురి చెప్పుల్లాంటివి ప్రదర్శించినప్పుడు గొడవైంది, గుర్తుండే ఉంటుంది. కొందరు న్యాయవాదులు బాంబే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. జూలైలో కోర్టు దాన్ని కొట్టేసింది. జీఐ రిజిస్టర్డ్ యజమానులైన మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమల కార్పొరేషన్లు తామే కోర్టుకు రావచ్చు, బయటివాళ్లు వాళ్ల తరఫున రావడానికి వీల్లేదు అన్నది కారణం. చెప్పులు కుట్టేవాళ్ల ఆవేదన నిజమే అయినా వ్యాజ్యం నిలబడలేదు. రేపు పోచంపల్లి పేరు మీద మీరు కోర్టుకెక్కినా అవతలి లాయరు అడిగే మొదటి మాట 'నువ్వెవరు?' అన్నదే. దానికి జవాబు మీ జేబులో సర్టిఫికెట్ రూపంలో ఉండాలి.

అధీకృత వినియోగదారు నమోదు ఎట్లా చేయాలి

ఫారం జీఐ-3. 2020 ఆగస్టులో నిబంధనలు సవరించి దీన్ని చాలా తేలిక చేశారు. అంతకుముందు దరఖాస్తుకు ఐదొందలు, రిజిస్టర్డ్ యజమానితో కలిసి సంతకం పెట్టాల్సి వచ్చేది. సంఘం పెద్దలతో మాట పట్టింపులున్న నేతగాడికి అది పెద్ద గోడ. ఇప్పుడు మీరొక్కరే దరఖాస్తు చేయొచ్చు. దాని నకలు సంఘానికి పంపి, పంపినట్టు రిజిస్ట్రీకి తెలియజేస్తే చాలు. దరఖాస్తుకు పది రూపాయలు, సర్టిఫికెట్‌కు పది రూపాయలు.

ఫీజు తక్కువ కదా అని కాగితాలు తేలిగ్గా తీసుకోవద్దు. అభ్యంతరాలు వచ్చేది ఇక్కడే. ముందుగా జీఐ రిజిస్ట్రీ సైటులో పోచంపల్లి ఇకత్ దరఖాస్తు తెరిచి, అందులోని మ్యాపు పరిధిలోకి మీ ఊరు వస్తుందో లేదో చూడండి. తర్వాత అదే దరఖాస్తులో నేత పద్ధతి ఎట్లా వర్ణించారో చదివి, మీ అఫిడవిట్‌లో మీ పని అదే వరుసలో రాయండి. నూలు తీయడం, ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ తిప్పి వరుస చేయడం), గ్రాఫ్ ప్రకారం గుర్తులు పెట్టి చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలును అక్కడక్కడా బిగించి కట్టడం), అద్దకం, పడుగు (నిలువు నూలు), పేక (అడ్డ నూలు) సరిచూసి గుంట మగ్గం మీద నేయడం, ఇట్లా. 'మేము తరతరాలుగా నేస్తున్నాం' అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన అఫిడవిట్లకు తిరుగు ప్రశ్నలు వస్తాయి. నేత కార్మికుడి గుర్తింపు కార్డు, ఆధార్, మగ్గం దగ్గర పని చేస్తున్న ఫొటోలు, నూలు కొన్న బిల్లులు, చీరెలు అమ్మిన బిల్లులు లేదా సంఘం పాసుపుస్తకం నకలు జత చేయండి. షావుకారు దగ్గర కూలికి నేసేవాళ్లకు అమ్మకం బిల్లులు ఉండవు. వాళ్లు కూలి చెల్లింపు వివరాలు, షావుకారు ఇచ్చిన ఉత్తరం పెట్టొచ్చు. చట్టం చూసేది సరుకు ఉత్పత్తి చేసేవాడేనా అని, దుకాణం ఉందా అని కాదు.

పరిశీలన అయ్యాక పేరు జీఐ జర్నల్‌లో అచ్చవుతుంది. మూడు నెలల లోపు, గడువు పొడిగిస్తే ఇంకో నెల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఎవరూ చెప్పకపోతే సర్టిఫికెట్ వస్తుంది. అది పదేళ్లు చెల్లుతుంది, లేదా అసలు జీఐ గడువు ముగిసేదాకా. ఏది ముందైతే అది. అంటే సంఘం జీఐని రెన్యువల్ చేయకపోతే మీ సర్టిఫికెట్ కూడా దాంతోపాటే పోతుంది. సంఘం సర్వసభ్య సమావేశంలో ఎవరైనా లేచి అడగాల్సిన ప్రశ్న ఇది.

వాళ్ల ప్రింటు చీరె జీఐ కిందికి వస్తుందా?

'పోచంపల్లి ఇకత్ శారీ' అని రాసి మిల్లు ప్రింటు అమ్మితే వస్తుంది. సరుకు ఆ ప్రాంతానిదే అన్న భ్రమ కొనేవాళ్లలో కలిగించడం సెక్షన్ 22 కింద ఉల్లంఘన. 'పోచంపల్లి ప్రింట్', 'పోచంపల్లి స్టైల్' అని రాసినప్పుడు కొంచెం కష్టం. 'స్టైల్', 'రకం', 'నకలు' లాంటి మాటలు తగిలించినా తప్పించుకోలేని గట్టి రక్షణ, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన సరుకులకే ఉంది. మిగతా వాటికి కొనేవాడు మోసపోయే అవకాశం ఉందని గానీ, అది అన్యాయపు పోటీ అని గానీ మీరు చూపించాలి. ఇక ఒట్టి 'ఇకత్ ప్రింట్' అని రాసి ఊరి పేరు ఎక్కడా పెట్టకపోతే జీఐతో ఏమీ చేయలేరు. ఇకత్ అన్నది ఒక నేత పద్ధతి పేరు. ఒడిశాలోనూ, గుజరాత్‌లోనూ, ఇండోనేషియాలోనూ ఉంది.

అందుకే స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు చీరె బొమ్మ ఒక్కటే తీస్తే సరిపోదు. శీర్షికలో, వివరణలో, ట్యాగుల్లో 'పోచంపల్లి' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో కనిపించాలి. కేసుకు బలం ఆ మాటే.

తప్పుడు జీఐ పెట్టడానికి, అట్లా పెట్టిన సరుకు అమ్మడానికి సెక్షన్ 39, 40 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా ఉన్నాయి. పోలీసు కేసు పెట్టొచ్చు. కాకపోతే సోదా, జప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. ఆయన కూడా ముందు జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. స్టేషన్‌కు పోయి 'ఇప్పుడే రండి' అంటే కుదరకపోవడానికి కారణం ఇదే. ఫిర్యాదుతోపాటు జీఐ రిజిస్టర్ ప్రతి, మీ సర్టిఫికెట్ ప్రతి, కొన్న నకిలీ చీరె బిల్లు పెట్టి, రిజిస్ట్రార్ అభిప్రాయం కోరమని అర్జీలోనే రాస్తే పని కదులుతుంది.

పాత డిజైన్ ఎందుకు చేజారింది

ఇది చాలామందికి మింగుడుపడని విషయం, కాస్త ఓపికగా చదవండి.

మీ నాయన గ్రాఫ్ మీద గీసింది కళాకృతి. గీసిన రోజే దాని మీద కాపీరైట్ పుట్టింది, రిజిస్ట్రేషన్ కూడా అవసరం లేదు. అయితే కాపీరైట్ చట్టం సెక్షన్ 15(2)లో ఒక మెలిక ఉంది. డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయదగ్గ డిజైన్‌ను రిజిస్టరు చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి వస్తువుల మీద వేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ ఆగిపోతుంది. ఒక్కో పడుగుకు ఏడు చీరెలు దిగుతాయనుకుంటే ఏడు పడుగులకు నలభై తొమ్మిది. ఎనిమిదో పడుగులో రెండో చీరె కోసినప్పుడు ఆ గీత దాటినట్టే. మీరు ఎనభై నేశారు.

'మాది చేతి పని, పారిశ్రామికం కాదు కదా' అని వాదించొచ్చు. కానీ డిజైన్ల చట్టం డిజైన్‌ను నిర్వచించేటప్పుడే చేతితో చేసినా, యంత్రంతో చేసినా, రసాయనంతో చేసినా అని కలిపి చెప్పింది. ఒకే గ్రాఫ్‌తో వరుసగా నేసిన చీరెలకు ఆ వాదన మీద ఆశ పెట్టుకోవడం మంచిది కాదు.

కోర్టులు దీన్ని ఎట్లా చూశాయో రెండు తీర్పులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2008లో తహిలియానీ డిజైన్స్ కేసులో దుస్తుల స్కెచ్‌లతో చేసినవి యాభై దాటలేదు కాబట్టి కాపీరైట్ నిలిచిందని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2016లో రితికా, బీబా కంపెనీల కేసులో అదే కోర్టు ఎదురు జవాబు ఇచ్చింది. యాభై దాటాయి, డిజైన్ రిజిస్టరు కాలేదు, కాబట్టి కాపీరైట్ లేదంది. రెండిట్లోనూ డిజైనర్ల ప్రతిభ మీద ఎవరికీ అనుమానం లేదు. తేడా లెక్కలోనే వచ్చింది.

కొత్తగా వచ్చిన ముఖ్యమైన తీర్పు 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన క్రయోగ్యాస్ కేసు. విషయం ద్రవ ఇంధన ట్యాంకర్ల డ్రాయింగులది, చీరెలది కాదు. కానీ అక్కడ వేసిన కొలత మనకూ వర్తిస్తుంది. ముందు అది తనంతట తాను నిలబడే కళాకృతా, లేక కళాకృతి నుంచి తీసి పారిశ్రామికంగా వస్తువు మీద వేసిన డిజైనా అని చూడాలి. కాపీరైట్ లేదని తేలితే, దాని ముఖ్య ఉద్దేశం వాడకంలో ఉపయోగమా, కంటికి ఇంపా అని చూసి డిజైన్ రక్షణ దక్కుతుందో లేదో తేల్చాలి. చీరె అంచు, కొంగు, బుటా మీది అమరిక కంటికి ఇంపు కోసమే, అందులో తగువు లేదు. కాబట్టి మన దారి డిజైన్ల చట్టమే. గోడకు వేలాడదీసే ఒక్కటే పెద్ద ఇకత్ చిత్రం నేసేవాళ్లకు మాత్రం కాపీరైట్ దారి ఇంకా తెరిచే ఉంది. అట్లాంటివారు ఎన్ని ప్రతులు నేశారో తేదీలతో మగ్గం పుస్తకంలో రాసుకోవాలి. రేపు కోర్టులో అదే సాక్ష్యం.

పాత డిజైన్‌ను ఇప్పుడు రిజిస్టరు చేస్తే? కుదరదు. దరఖాస్తు తేదీకి ముందు దేశంలో గానీ విదేశాల్లో గానీ బయటపడ్డ డిజైన్‌ను సెక్షన్ 4 ఒప్పుకోదు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు బయటపడటమే. అదే కారణంతో గద్వాల అంచుల్లోని కోటకొమ్మ, తేలియా రుమాలు సంప్రదాయ బొమ్మల మీద ఎవరికీ డిజైన్ హక్కు రాదు. అవి అందరివీ. వాటిని కలిపి మీరు కొత్త అమరిక చేస్తే దానికి రావచ్చు. అయితే పాతదానికంటే స్పష్టంగా వేరుగా కనిపించాలి. రంగు మార్చడం, బుటా కాస్త పెద్దది చేయడం చాలదు.

కొత్త డిజైన్: చూపించే ముందే దరఖాస్తు

ఫారం-1, డిజైన్ల కార్యాలయం కోల్‌కతాలో ఉంటుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు వెయ్యి, మిగతావాళ్లకు నాలుగు వేలు. చిన్న సంస్థ పేరున వేస్తే ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్ జత చేయాలి. డిజైన్లను వస్తువుల వారీగా విడదీసే లొకార్నో వర్గీకరణలో బట్ట మీది డిజైన్‌కు 05-05 తరగతి.

ఫొటోల దగ్గర చాలా దరఖాస్తులు ఆగుతాయి. చీరెను బొమ్మకు కట్టి తీసిన ఫొటో వద్దు, మడతల్లో డిజైన్ కనబడదు. చదునుగా పరిచి, నేరుగా పైనుంచి, నీడ పడకుండా తీయండి. ఒడలు, అంచు, కొంగు విడివిడిగా కనబడాలి. బుటా మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్ అయితే పూర్తి బొమ్మతోపాటు అది పొడవులో, వెడల్పులో ఎట్లా తిరిగి వస్తుందో తెలిసేంత భాగం చూపించాలి. ఇంకా నేయకపోతే శుభ్రంగా గీసిన గ్రాఫ్ బొమ్మతోనూ దాఖలు చేయొచ్చు. నా సలహా అదే. చిటికి కట్టడానికి ముందే గ్రాఫ్‌తో వేసేయండి. చిటికి కట్టేవాళ్లు, అద్దకం వాళ్లు, ఆసు పోసేవాళ్లు అందరి చేతులూ మారాక రహస్యం మిగలదు.

కొత్తదనం ఎక్కడుందో చెప్పే వాక్యం తప్పనిసరి. 'చూపిన చీరె ఉపరితల అలంకరణలో కొత్తదనం ఉంది' అన్నట్టు రాయాలి. రంగుల మీద హక్కు కోరడం లేదని కూడా రాయడం మేలు. అట్లా రాయకపోతే అవతలివాడు ఎరుపును నీలం చేసి 'నాది వేరే డిజైన్' అంటాడు. పరిశీలకుడు అభ్యంతరాలు పంపితే దరఖాస్తు తేదీ నుంచి ఆరు నెలల్లోపు అన్నీ తీరిపోవాలి. అడిగితే ఇంకో మూడు నెలలు ఇస్తారు. ఉత్తరం వచ్చిందని చూసుకోక దరఖాస్తు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఏజెంటు ఈమెయిల్ కాకుండా మీ సొంత ఈమెయిల్ కూడా పెట్టండి. రిజిస్టరయ్యాక హక్కు పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు. దరఖాస్తు తేదీ నుంచే లెక్క. చీరె ట్యాగు మీద 'రిజిస్టర్డ్' అని, నంబరు వేయడం మేలు.

'షోరూం వాళ్లకు చూపించకుండా ఆర్డరు ఎట్లా వస్తుంది?' అని అడుగుతారు. దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది, చాలామంది ఏజెంట్లే చెప్పరు. సెక్షన్ 16 ప్రకారం, రిజిస్టరు చేయదలచిన కొత్త బట్ట డిజైన్‌కు గోప్యంగా తీసుకున్న మొదటి ఆర్డరు బయటపెట్టినట్టు లెక్కకు రాదు. నమ్మకంతో చూపించిన డిజైన్‌ను అవతలివాడు ద్రోహం చేసి బయటపెట్టినా అంతే. కానీ గోప్యం అన్నది కాగితం మీద ఉండాలి. 'ఈ డిజైన్ గోప్యం, ఎవరికీ చూపరాదు, ఫొటో తీయరాదు' అని రెండు లైన్లు రాయించి తేదీతో సంతకం తీసుకోండి. మొహమాటపడొద్దు. ప్రదర్శనలో పెట్టాలనుకుంటే సెక్షన్ 21 కింద మినహాయింపు ఉంది గానీ, కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనకే, ముందుగా నోటీసు ఇచ్చి, ఆరు నెలల్లోపు దరఖాస్తు చేస్తేనే. మామూలు చేనేత ఎక్స్‌పో స్టాల్‌కు అది పనికిరాదు.

2024 నవంబరులో రియాద్‌లో డిజైన్ చట్టాల ఒప్పందం కుదిరింది. బయటపెట్టిన పన్నెండు నెలల్లోపు దరఖాస్తు చేసినా కొత్తదనం పోకుండా ఉండే వెసులుబాటు అందులో ఉంది. ఆ వార్త చదివి 'ఏడాది టైముంది కదా' అనుకునేవాళ్లున్నారు. అది మన డిజైన్ల చట్టంలోకి సవరణగా రావాలి. చట్టం అక్షరం మారేదాకా దాన్ని నమ్ముకుని ఫొటో పెట్టొద్దు.

డిజైన్ ఎవరిది?

మీ ఇంట్లో తండ్రి గీశారు, మీరు నేశారు కాబట్టి గొడవ లేదు. గీసినవారి పేరునే దరఖాస్తు వేయండి, లేదా మీ పేరుకు రాయించుకుని వేయండి. చిక్కు వచ్చేది షావుకారుకూ డిజైనరుకూ మధ్య. డిజైన్ల చట్టం ప్రకారం తగిన ప్రతిఫలం ఇచ్చి వేరొకరి కోసం గీయిస్తే డబ్బు ఇచ్చినవారే యజమాని. కాపీరైట్ చట్టం అట్లా కాదు. జీతానికి పనిచేసే ఉద్యోగి కాకుండా బయటి డిజైనరు గీస్తే హక్కు సాధారణంగా ఆయన దగ్గరే ఉంటుంది, రాతపూర్వకంగా బదలాయిస్తేనే షావుకారుకు వస్తుంది. ఆ రాతలో గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే ఐదొందలిచ్చి గ్రాఫ్ గీయించుకున్నా ఒక కాగితం రాయించుకోవాలి. డిజైనరు వైపు నుంచి చెప్పాలంటే, ఏ హక్కు ఇస్తున్నారో చూడకుండా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

పనిముట్టుకు, పద్ధతికి దారి వేరు, అది పేటెంట్. ఆలేరు ప్రాంతం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రానికి పేటెంట్ తీసుకున్నారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు పోసే యంత్రం పనితీరు పేటెంట్ కిందికి, ఆ ఆసుతో నేసిన చీరె అందం డిజైన్ కిందికి, చీరె ఊరి పేరు జీఐ కిందికి వస్తాయి.

సొంత బ్రాండు పేరు

తక్కువలో చెప్తాను. చీరెలకు 25వ తరగతి, బట్ట థాన్లకు, దుప్పట్లకు 24. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి నాలుగున్నర వేలు. 'పోచంపల్లి', 'గద్వాల' లాంటి ఊరి పేరును మీ ఒక్కరి ట్రేడ్‌మార్కుగా అడగొద్దు, తిరస్కరిస్తారు. ఇంటి పేరో, కల్పించిన మాటో పెట్టుకుని, జీఐ పేరును దాని పక్కన అధీకృత వినియోగదారుగా వాడుకోండి. పరిశీలన నివేదిక వచ్చిన నెలలోపు జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. హ్యాండ్‌లూమ్ మార్క్, ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ అన్నవి నాణ్యత, చేనేత గుర్తులు. మంచివే, కానీ వాటితో కాపీ కొట్టినవాడిని ఆపలేరు.

ఇప్పుడు, ఈ వారంలో ఏం చేయాలి

ముందు సాక్ష్యం. ఆ చీరెను మీ ఇంటి చిరునామాకే ఒకటి తెప్పించండి. బిల్లు, ప్యాకెట్ మీది చిరునామా కాగితం పారేయొద్దు. విప్పేటప్పుడు మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. లింకు, తేదీ కనిపించేట్టు స్క్రీన్‌షాట్లు తీయండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఇట్లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఫోను మార్చేసి అసలు ఫైలు పోగొట్టుకుంటే ఇది కష్టమవుతుంది. చీరె వెనుక వైపు ఫొటో కూడా తీయండి. డబుల్ ఇకత్‌లో రెండు వైపులా ఒకే తీరుగా, అంచులు కాస్త చెదిరి కనబడతాయి. ప్రింటులో వెనుక వైపు వెలిసినట్టుంటుంది. జడ్జికి ఇది ఒక్క చూపులో అర్థమవుతుంది.

తర్వాత అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 'మా డిజైన్ కాపీ కొట్టారు' అని రాస్తే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఆపేస్తారు, మీ దగ్గర అది లేదు. 'రిజిస్టర్డ్ జీఐ పేరును మిల్లు ప్రింటుకు పెట్టి కొనేవాళ్లను మోసం చేస్తున్నారు' అని జీఐ నంబరుతో రాయండి. మీ సర్టిఫికెట్ వచ్చేలోపు ఈ ఉత్తరం రిజిస్టర్డ్ యజమాని సంఘం లెటర్‌హెడ్ మీద పోతే ఇంకా బలం. పాలిస్టర్‌ను 'చేనేత' అని కూడా రాసి ఉంటే అది తప్పుడు ప్రకటన, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు విడిగా ఫిర్యాదు చేయండి. ప్రింటు కాకుండా మరమగ్గం మీద నేసిన నకలు అయితే 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద జిల్లా చేనేత జౌళి శాఖ సహాయ సంచాలకుడికి అర్జీ పెట్టొచ్చు. మీరు చెప్పిన ప్రింటుకు అది సరిగ్గా అతకదు.

కోర్టుదాకా పోతే ఒక మేలు ఉంది. జీఐ ఉల్లంఘన దావా మీరు ఉండే, వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు, సెక్షన్ 66 ఆ వీలు ఇచ్చింది. అమ్మేవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా నల్గొండకు రావాల్సిందే. డిజైన్ దావాకు ఈ వెసులుబాటు లేదు. అవతలివాడు ఉన్నచోట గానీ, ఉల్లంఘన జరిగినచోట గానీ వేయాలి. మీ చిరునామాకు తెప్పించిన చీరె బిల్లు అక్కడ పనికొస్తుంది. డిజైన్ దావాలో అవతలివాడు రిజిస్ట్రేషనే చెల్లదని వాదిస్తే కేసు హైకోర్టుకు బదిలీ అవుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. డిజైన్ ఉల్లంఘనకు నష్టం రుజువు చేయకుండా వసూలు చేయగలిగే మొత్తం ఒక్కో డిజైన్‌కు యాభై వేలు దాటదు. అంతకంటే ఎక్కువ కావాలంటే నష్టం లెక్క చూపాలి. అసలు విలువ ఆపుదల ఉత్తర్వుదే.

మేధోసంపత్తి తగువు మూడు లక్షలు, ఆపై విలువదైతే వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వస్తుంది, దావాకు ముందే మధ్యవర్తిత్వం తప్పనిసరి. అత్యవసర ఉత్తర్వు కావాలంటే మినహాయింపు. 'ఆరు నెలలు ఊరుకుని ఇప్పుడు అత్యవసరమా?' అని అవతలివాళ్లు దావాను తోసేయించే ప్రయత్నం చేసేవారు. 2025 అక్టోబరులో నొవెంకో కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. కాపీ సరుకు రోజూ అమ్ముడవుతుంటే ప్రతి అమ్మకం కొత్త నష్టమే, ఆలస్యం ఒక్కటే చూసి అత్యవసరం లేదనకూడదంది. చిన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. అయినా ఆలస్యం చేయకండి, పండుగల సీజనులో ఒక్క నెలలోనే మార్కెట్టు పోతుంది.

చివరి ప్రశ్న, చెన్నై, కోల్‌కతా పోవాలా? అక్కర్లేదు. జీఐ-3, ఫారం-1, ట్రేడ్‌మార్కు దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లో వేయొచ్చు, విచారణలు వీడియో ద్వారా జరుగుతాయి. ఈ నెలలో మీరు పెట్టే ఖర్చు జీఐకి ఇరవై రూపాయలు, కొత్త డిజైన్‌కు వెయ్యి, నోటరీ, ఫొటోల ఖర్చు. ఆ వెయ్యి రూపాయల రసీదు వచ్చేదాకా, దరఖాస్తుకు తప్ప, కొత్త గ్రాఫ్‌ను ఫోనులో ఫొటో కూడా తీయకండి, ఇంట్లో బీరువాలో పెట్టండి.